స్లాబు కింద మంచం

ఏప్రిల్ 27, ఆదివారం

ఫోనూ, నేను చెప్పేది రాసుకో. నాకు సదువు రాదు. నువ్వు రాసింది నేను చూసుకోలేను, తప్పు రాసినా నిన్ను అడిగేటోళ్లు లేరు. ఈ గుండీ ఒత్తి మాట్లాడితే అక్షరాలు అవే పడతయని మా బిడ్డ ఫ్లోరెన్స్ నేర్పిపోయింది. నాన్నకు ఏ మందు ఎప్పుడేసిన్నో చెప్పుకొమ్మని. మందులు నాకు నోటికే ఉంటయ్. నేను చెప్పేది వేరే.

ఇయ్యాల చర్చిల అయ్యగారు, నీ బాధ దేవునికి చెప్పుకో ఆరోగ్యమ్మా అన్నడు. దేవునికి అన్నీ తెలుసు. తెలిసే ఊకున్నడు. ఆయనకు మల్ల చెప్పేదేంది? అందుకని నీకు చెప్తున్న. న్యాయం ఎవరి దిక్కు ఉందో నువ్వే రాయి.

నిన్న పొద్దుగూకే యాళ్లకు అడవి దిక్కునుంచి గాలిదుమారం లేచింది. వాన దంచింది. మా జూలూరుపాడుల సగం ఇండ్ల రేకులు లేచిపోయినయంట. మాది స్లాబు, మాకేంది అనుకున్న. పొద్దున లేచి చూస్తే ముందర అర్రల మా ఆయన మంచం మీద ఇంత పెచ్చు పడి ఉంది. పైన చూస్తే రాడ్లు బయటికొచ్చి ఎర్రగ తుప్పుకారుతున్నయ్. దుప్పటి తీస్తే కాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది. ఎప్పుడు పడ్డదో ఏమో, ఆయనకు తెల్వదు. అది పడిపోయిన కాలు. క్రిస్మస్ ముందు పక్షవాతం వచ్చిన కాడినుంచి కుడి దిక్కంత లేదు, మాట లేదు. పెచ్చు మీద పడ్డా తెల్లారేదాక పైకి చూసుకుంట పండుకున్నడు.

పిల్లలిద్దరు వచ్చిండ్రు. కొడుకు జయరాజ్ కొత్తగూడెంనుంచి, బిడ్డ ఖమ్మంనుంచి. జయరాజ్ పైకెక్కి చూసి దిగిండు.

"పైన కెమికల్ పూపిద్దామమ్మా. ఇప్పటికైతే నడుస్తది. తర్వాత కొత్తది ఏస్కోవచ్చు."

"తర్వాత అంటే ఎప్పుడురా?"

వాడు చెప్పులు చూసుకుంటున్నడు.

ఫ్లోరెన్స్ అందుకుంది. "నాన్న ఉండంగ గింత పెద్ద పని ఎందుకు పెట్టుకుంటవమ్మా?"

నాన్న ఉండంగ! అది నర్సు. రోజూ దవాఖానాల మందితోటి గిట్లనే మాట్లాడుతదేమో. చేతుల గ్లాసు ఇసిరికొట్టిన. దానికి తగల్లే, గోడకు తగిలింది. గోడ పెచ్చు గూడ ఊడింది.

ఏప్రిల్ 28, సోమవారం

కాలుకు కట్టు మార్చిన. చిన్న దెబ్బే.

మే 1, గురువారం

సోమ్లా మేస్త్రిని పిలిపించిన. పక్క తండా పిల్లగాడే, ఇప్పుడు వానికే నెత్తి తెల్లబడ్డది. కూలోళ్లంత తునికాకుకు అడవికి పోయిండ్రు, ఒక్కడే వచ్చిండు. సుత్తె పట్టుకొని కిందినుంచి అంతట కొట్టి చూసిండు. కొట్టినకాడల్లా డొల్ల చప్పుడు.

"పెద్దమ్మా, ఇది నీ లెక్కనే ఉంది. పైకి గట్టిగ, లోపటంత గుల్ల."

"నా లోపల నువ్వెప్పుడు కొట్టి చూసినవురా?"

నవ్విండు. మా ఆయన మంచం మీదినుంచి సుత్తెనే చూస్తుండు.

పైన పూత మీద పూత ఉందంట. అవ్, మా ఆయనే ఏసిండు. ట్రాక్టరు నడిపెటోడు, తాపీ పని ఆయనది కాదు. అయినా ఏటేటా మిరపకాయ ఎండబోసుడు అయిపోంగనే ఒక సిమెంటు మూట తెచ్చి పైకెక్కి పూసేది. ఎక్కడ చెమ్మ కనబడితే అక్కడ మల్లొక పూత. ఆ పూతలన్ని కలిసి స్లాబు మీద ఇంకో స్లాబంత బరువైనయంట. ఉరవకుండ చేసిందే దాన్ని కుంగదీసింది అంటడు సోమ్లా. మా ఆయన ఇంటడని మెల్లగనే అన్నడు.

రిపేరు చేస్తే ఊడేది ఊడగొట్టి, ఇనుప జాలి కట్టి, మందు కలిపి పూస్తడంట. కొన్నాళ్లు ఆగుతది, గ్యారంటీ లేదు. కొత్తదైతే మొత్తం పగలగొట్టి పోసుడే. అది మన మనుమలు గూడ చూస్తరు. గని ఇల్లు ఖాళీ చెయ్యాలె, పోసినంక మళ్లు కట్టి నీళ్లు పెట్టి మూడు నెలలన్న ఆగాలె.

"కొత్తదే పొయ్యి" అన్న.

"పెద్దాయన..."

"పెద్దాయన కొత్త స్లాబు కింద పండుకుంటడు. నీకేమన్న అడ్డమా?"

ఇయ్యాల జావ తాగుతుంటే ఎడమచేతి బొటనవేలు కాదు, కుడిచేతిదే, కదిలింది. నేను చూసిన. ఫ్లోరెన్స్‌కు ఫోన్ చేసి చెప్పిన. సరేనమ్మా అంది. సరేనమ్మా ఏంది?

మే 4, ఆదివారం

కిరాయి ఇల్లు అడగబోయిన.

బిడ్డ దగ్గరికి పోవచ్చు గద అంటరేమో. ఖమ్మం ఖానాపురం హవేలిల దానిది గూడ కిరాయి ఇల్లే, మూడో అంతస్తు. మంచాన పడ్డోళ్లను ఉంచొద్దని ఓనరు ముందే చెప్పిండంట. జయరాజ్‌ది ఒక్క అర్ర, అదీ కిరాయే. మా ఇంటిల్లిపాదికి సొంతంగ ఉన్నది ఈ పగిలిన స్లాబు ఒక్కటే.

బస్టాండు ఎనక ఉషారాణిది కింది పోర్షను ఖాళీగ ఉంది. మంచిదే మనిషి. కుర్చీ ఏసింది, చాయ ఇచ్చింది. మా ఆయన సంగతి చెప్పంగనే చేతులు పట్టుకుంది.

"ఆరోగ్యమ్మా, ఏమనుకోకు. మీరు మంచోళ్లు. రేపు మా ఇంట్ల ఏమన్న అయితే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలె. ఆ తర్వాత గూడ ఎవరొస్తరు కిరాయికి?"

"ఏమన్న అంటే ఏంది? నోరు తెరిచి చెప్పు."

"నాతోటి అనిపియ్యకు."

"మీ మామ ఎక్కడ పోయిండమ్మా, రోడ్డు మీదనా? ఈ ఇంట్లనే గద?"

"ఆయన ఇల్లు ఆయనది" అంది.

లేచిన. చాయ తాగకుండ వచ్చిన. తాగితే బాగుండు, నెత్తి పగిలిపోతుంది.

సరే, వాళ్ల ఆచారం వాళ్లది, మనోళ్లను అడుగుదామని మా చర్చి పెద్ద ఇంటికి పోయిన. మనకు గట్లాంటి మైలలు, పట్టింపులు లేవు గద. ఆయన కండ్లు మూసుకొని శానాసేపు ప్రార్థన చేసిండు మా ఆయన కోసం. చేసినంక, పక్కపొంటి ఉన్నోళ్లు ఒప్పుకోరమ్మా అన్నడు.

మే 6, మంగళవారం

ఇంకో నాలుగిండ్లు. చెప్పబుద్ధి అయితలేదు.

మే 9, శుక్రవారం

దొరికింది. ఊరి చివర, పత్తి మిల్లు అవతల. ఓనరు భాస్కర్, ఎర్రుపాలెంల ఉంటడు, ఫోన్లనే మాట్లాడిన. ఎవరెవరు ఉంటరమ్మా అన్నడు. నేను, మా ఇంటాయన అన్న. కాలు బాగలేదు, నడుస్తడు రెండు నెలలల్ల అన్న.

ఇది అబద్ధం కాదు. నడవడని ఏ డాక్టరు రాసిచ్చిండు?

మే 12, సోమవారం

ఇల్లు మారినం. ఆంబులెన్సు పిలుద్దామమ్మా అన్నడు జయరాజ్. ఆంబులెన్సు ఎందుకురా, ట్రాక్టరు మనిషి, ట్రాలీలనే వస్తడు అన్న. మంచం మంచమే లేపి ట్రాలీల పెట్టినం.

క్రిస్మస్ కాడినుంచి ఆయన మొగులు చూడలే. రెప్ప కొట్టకుండ పైకే చూసిండు. ఎండకు కండ్లెంబడి నీళ్లు కారినయ్. ఎండకే.

ఇండ్లల్లకెల్లి అందరు బయటికొచ్చి నిలబడ్డరు. ఆడోళ్లు నెత్తిన కొంగు కప్పుకుంటున్నరు. ఒకామె దండం పెట్టింది! ట్రాలీల నిలబడి తిట్టిన. "ఏం చూస్తుండ్రే? కొత్త ఇల్లు కట్టుకుంటున్నం, పాలు పొంగిచ్చిన్నాడు పిలుస్త, అప్పుడు వచ్చి చూడుండ్రి!" డ్రైవరు జల్దీ పోనిచ్చిండు. దుమ్ము లేచింది. కొంగు తీసి ఆయన మొకం మీద కప్పబోయిన. గని మొకం కప్పుకొని పోతుంటే చూసేటోళ్లకు ఎట్ల కనబడుతదో అని తీసేసిన.

మే 14, బుధవారం

సోమ్లా మొదలుపెట్టిండు. ఎనక వంటిల్లు, నడిమర్ర స్లాబు పగలగొట్టిండు. ముందర అర్ర రేపెల్లుండి. పోయి చూసిన. వంటింట్ల నిలబడితే మీద మొగులు. పొయ్యి గట్టు మీద కోతులు కూసున్నయ్, వాటి ఇల్లయినట్టు.

బాగనే ఉంది. పగలగొట్టకుంటే కొత్తది రాదు.

ఆయన దగ్గుతుండు. కొత్త ఇల్లు గద, గాలి పడుతలేదు.

మే 16, శుక్రవారం

భాస్కర్ వచ్చిండు. ఎవరు చెప్పిండ్రో చెప్పలే. చెప్పులిడిచి లోపలికొచ్చి, మంచం కాడ నిలబడి, ఆయన ఊపిరి చూసుకుంట నిలబడ్డడు. లోపలికి పోతుందా, బయటికొస్తుందా అని. నేను గూడ అట్లనే చూస్త రోజు. ఇంకొకడు చూస్తుంటే కడుపు మండింది.

"అమ్మా, కాలు బాగలేదన్నవు."

"కాలు బాగలేదు. అబద్ధమా?"

"నీకు దండం పెడత. మా అమ్మకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానియ్యదు. నీ పైసలన్ని వాపసిస్త, ట్రాలీ గూడ నేనే పెడత. రేపటికి ఖాళీ చెయ్యి."

"మా ఇల్లు సగం పగలగొట్టిండ్రయ్యా. ఎక్కడికి పోవాలె?"

"నన్నేం చెయ్యమంటవు?"

"మూడు నెలలు ఆగు. ఆయనకు ఏం కాదు."

"ఏం కాదని రాసిస్తవా?"

"రాసుడు నాకు రాదు. ఏలిముద్ర ఏస్త. కాయితం తే."

వాడు నా మొకం చూసిండు. నేను బొటనవేలు చాపి పెట్టిన. నిజంగనే ఏసేదాన్ని. తెల్ల కాయితమైనా సరే, ఏ దేవుని ముందరైనా సరే, మా ఆయన సావడని ఏలిముద్ర ఏసేదాన్ని. వాడు మొకం తిప్పుకొని వాకిట్లకు పోయిండు. ఏడ్చిండంట, జయరాజ్ చెప్పిండు. ఏడిస్తే ఏంది? ఇల్లు ఇయ్యలే గద.

మే 17, శనివారం

మల్ల ట్రాలీ. ఈసారి ఎవర్నీ తిట్టలే.

ముందర అర్ర ఒక్కటే నిలబడి ఉంది. మంచం మల్ల అదే జాగల, అదే పెచ్చు ఊడిన స్లాబు కింద. నడిమర్ర దర్వాజకు టార్పాలిన్ కట్టినం. గాలికి అది ఉబ్బుతది, దిగుతది.

మే 19, సోమవారం

తినలే. జావ మూతిపక్కనుంచి కారిపోయింది. ఆయన కుడి బొటనవేలు చూసుకుంట కూసున్న.

మే 20, మంగళవారం

ఫ్లోరెన్స్ వచ్చి వీపుకు గొట్టం పెట్టి ఇన్నది. రెండు దిక్కుల నిండిందమ్మా, నిమోనియా అంది. దుమ్ము తగిలిందా, చల్లగాలి తగిలిందా అని అడిగింది.

ట్రాలీ సంగతి దానికి తెలుసు. అడగాల్సింది ఏముంది?

జయరాజ్ చెప్పిండనుకుంట, మొదటిసారి ట్రాలీల మంచం మీద ఏం కప్పలేదని. కప్పితే బాగుండు. కప్పబోయిన. కప్పిన. తీసేసిన.

ఎండకాలం చల్లగాలి ఎక్కడిది?

మే 22, గురువారం

నైరుతి మబ్బులు ముందే వస్తున్నయంట, ఫోన్ల చెప్తుండ్రంట. సోమ్లా రెండు రోజులుగా వచ్చి వాకిట్ల కూసొని పోతుండు. ఏదో ఒకటి చెప్పు పెద్దమ్మా అంటుండు.

ఇయ్యాల పిల్లలిద్దరు నా ఎదుట కూసున్నరు. నేను కొట్లాటకు తయారైన. వాళ్లు కొట్లాడలే.

"అమ్మా, నీ ఇష్టమే కానీ. కొత్తదే పోపిద్దాం" అన్నడు జయరాజ్. "మేమిద్దరం మాట్లాడుకున్నం. ముందర అర్ర గూడ పగలగొట్టనీ."

"మరి నాన్న?"

"దవాఖానాల పెడదాం" అంది ఫ్లోరెన్స్. "మా దగ్గర బెడ్ మాట్లాడిన. ఆక్సిజన్ పెడతరు. నేనుంట గద రోజు."

నెలనుంచి నేను కావాలన్నది ఇదే. కొత్త స్లాబు. ఇప్పుడు వాళ్లే చేతుల పెడుతుండ్రు. నేను నెగ్గిన.

"బిడ్డా, దవాఖానాల పెడితే నడిచొస్తడా?"

ఫ్లోరెన్స్ నర్సు లెక్క మాట్లాడలే. నా కాళ్ల మీద తలకాయ పెట్టింది.

"మరి అక్కడే అయితే, ఎక్కడికి తెస్తరు?"

బిడ్డ ఇంటికి ఓనరు రానియ్యడు. కొడుకు అర్రకు రానియ్యరు. ఇక్కడ మీద కప్పు ఉండదు. దవాఖానా బండిలకెల్లి తీసుకపోయి సక్కగ చర్చిల దించాలె, చర్చిలకెల్లి సమాధుల తోటకు. ఆయన ఇంటికి ఆయన రాడు. వాకిట్ల ఒక టెంటు ఏస్తరేమో. వాన కొడుతుంటది. టెంటు కింద పక్కిండ్ల వాళ్లు చెప్పుల కాళ్లతోటి నిలబడి చూస్తుంటరు.

ఆయన ఇల్లు ఆయనది అని ఉషారాణి అన్నది నిజమే. ఆ ముండ అన్నది ఒక్కటి నిజమే.

లేచి వాకిట్లకు పోయిన.

"సోమ్లా. ఇగ పగలగొట్టకు. ముందర అర్ర రిపేరు చెయ్యి."

సోమ్లా లేచి నిలబడ్డడు. "మంచిది పెద్దమ్మా. ఎంత కాలం ఆగాలె? దాన్ని బట్టి మందు కలుపుత. ఒక ఏడా, రెండేండ్లా?"

"ఆయన పెట్టె ఈ అర్రల పెట్టి, నలుగురు చుట్టు నిలబడి, అయ్యగారు ప్రార్థన చేసి లేపేదాక."

చెప్పేసిన. నా నోటితోటి నేనే చెప్పిన. లోపలికి ఇనబడ్డదో ఏమో. ముందర దర్వాజ తెరిచే ఉంది గద.

సోమ్లా చేతిల ఉన్న సిమెంటు గమేలా కింద పెట్టిండు. "దానికి మందు అక్కరలేదు పెద్దమ్మా" అన్నడు. "అయినా కలుపుత."

మే 23, శుక్రవారం

ఆయన కండ్లు తెరిచి ఉన్నయ్. మింగుతలేడు. దూదితోటి పెదాలు తడిపిన.

మే 25, ఆదివారం

చర్చికి పోలే. అయ్యగారే వస్తనన్నడు, సాయంత్రం రమ్మన్న.

సోమ్లా మంచం నాలుగు దిక్కుల కర్రలు నిలబెట్టి స్లాబుకు ఆనిచ్చిండు. మీద పడకుండ. పండగకు పందిరి ఏసినట్టుంది. పైన పాత పూతలు మెల్లమెల్లగ లేపుతుండు, బరువు తగ్గాలంట. ఆయన ఏసిన పూతలు. ఒక్కొక్కటి పలకలు పలకలుగా ఎనక దొడ్లె పడుతున్నయ్. ఆ చప్పుడు ఇని ఎవరో దొడ్లెకొచ్చి చూసి పోయిండ్రు.

ఊపిరి దూరం దూరంగ ఉంది. ఒకటి తీస్తే ఇంకోటి వస్తదో రాదో అని చూస్తుండాలె. మబ్బు పట్టింది. జయరాజ్ పైకి చూసి, వానొచ్చేలోపల అయిపోవాలె, ఇంకొక మనిషిని పిలవాల్నా సోమ్లన్నా అని అడుగుతుండు.

పైన సుత్తె దెబ్బ పడ్డప్పుడల్లా సన్నటి దుమ్ము రాలుతుంది. ఆయన కండ్లు మూస్తలేడు, పడితే పడనీ అన్నట్టు చూస్తుండు. నేను పక్కన కూసొని కొంగు రెండు చేతుల పట్టి ఆయన మొకానికి మీదుగ అడ్డం పెట్టిన, మొకం మీద ఆనకుండ. ఫ్లోరెన్స్ నేను పట్టుకుంటనమ్మా అంటే ఇయ్యలే. ఈ ఫోను దాని చేతుల పెట్టి మాట్లాడుతున్న.

పైన సోమ్లా జల్దీ జల్దీ కొడుతుండు.

"మెల్లగ కొట్టు సోమ్లా!" అని అరిచిన. "తొందరేం లేదు!"